కాంగో పాటల మధ్యలో మనుషుల పేర్లు ఎందుకు అరుస్తారు?

దాన్ని లింగాలా భాషలో ‘లిబంగా’ అంటారు. మాటకు అర్థం రాయి, బహువచనం ‘మబంగా’. గాయకుడు పాటలో మీ పేరు విసురుతాడు, మీరు డబ్బో కారో విమానం టికెట్టో ముట్టజెబుతారు. స్నేహితుల పేర్లు ఊరికే కూడా పలుకుతారు కాబట్టి ఏది కొన్నదో వినేవాడికి తెలియదు. ఆ గజిబిజిలోనే ఉంది దాని పరపతి!

1990లలో, నియంత మొబుటు పాలన చివర్లో ఆర్థిక వ్యవస్థ కుప్పకూలి, నకిలీ క్యాసెట్లు రాబడిని మింగేశాక రాజధాని కిన్షాసా బ్యాండ్లకు ఇది పెద్ద ఆధారమైంది. పేర్లు ఎక్కువగా వినపడేది గిటార్లు జోరందుకునే ‘సెబెన్’ భాగంలో. అక్కడ కేకలు వేసేవాడు ‘అటలాకు’. పేర్లు పదుల్లో చేరితే పాట నలిగిపోతుంది. రాజకీయ నాయకుల పేర్లయితే మరీ ప్రమాదం: అప్పటి అధ్యక్షుడు జోసెఫ్ కబీలా పాలనను పొగిడారంటూ ప్రవాస కాంగో నిరసనకారులు పారిస్ కచేరీలను ఏళ్ల తరబడి అడ్డుకున్నారు.