టెక్ సందేహాలు: కట్ట మీద మీరు, నీళ్లలో నీలం చుక్క

ప్రశ్న: చైనాలోని హాంగ్‌జౌ వెళ్తున్నాం. అక్కడి వెస్ట్ లేక్‌లో సు కట్ట మీద నడిచొచ్చిన మా బంధువుల వాకింగ్ యాప్‌లో దారంతా నీళ్ల మీదుగా గీసి ఉంది. గూగుల్ మ్యాప్స్‌లోనూ అంతేనట. జీపీఎస్ పాడైందా?

జవాబు: జీపీఎస్ శుభ్రంగా ఉంది. తేడా మ్యాప్‌ది. చైనాలో ప్రచురించే మ్యాపులు ప్రభుత్వ నిబంధన ప్రకారం జీసీజే-02 అనే పద్ధతిలో ఉండాలి. అది అసలు అక్షాంశ రేఖాంశాలను కావాలనే పక్కకు జరుపుతుంది. చోటును బట్టి 100 నుంచి 700 మీటర్ల దాకా తేడా వస్తుంది. ఫోన్‌లోని జీపీఎస్ మాత్రం ప్రపంచమంతా వాడే డబ్ల్యూజీఎస్-84 లెక్కే ఇస్తుంది. ఊళ్లో అయితే పక్క వీధి చూపించినా సర్దుకుపోతాం. ఇక్కడ అలా కాదు. 1090 ప్రాంతంలో హాంగ్‌జౌ పాలకుడిగా ఉన్న కవి సు షి చెరువు పూడిక తీయించి, ఆ మట్టితోనే పోయించిన కట్ట ఇది. పొడవు 2.8 కి.మీ., మధ్యలో ఆరు వంతెనలు, రెండు పక్కలా నీళ్లు. మీరున్న చోటు చూపే నీలం చుక్క పక్కకు ఎటు జరిగినా చెరువులోనే పడుతుంది.

గూగుల్ మ్యాప్స్ వాడాల్సి వస్తే లేయర్స్‌లో శాటిలైట్ ఎంచుకోండి. ఉపగ్రహ చిత్రం జరిపింది కాదు కాబట్టి చుక్క కట్ట మీదే నిలుస్తుంది. దాని మీది రోడ్ల గీతలు, పేర్లు మాత్రం జరిగే ఉంటాయి, వాటిని పట్టించుకోకండి. ఐఫోన్ ఉంటే యాపిల్ మ్యాప్స్ చాలు, అది అక్కడ స్థానిక డేటాతోనే నడుస్తుంది. ఆండ్రాయిడ్‌కి నా ఓటు నెట్ లేకున్నా నడిచే ఆర్గానిక్ మ్యాప్స్‌కే, అందులోని మ్యాప్ డబ్ల్యూజీఎస్-84లోనే ఉంటుంది. ఆ యాప్‌నూ, హాంగ్‌జౌ ఉన్న జెజియాంగ్ ప్రాంతం మ్యాప్‌నూ ఇక్కడే దించుకోండి, అక్కడి నెట్‌వర్క్‌లో ప్లే స్టోర్ తెరుచుకోదు. అందులోని అక్షాంశ రేఖాంశాలను చైనా యాప్ ఆమ్యాప్‌లో పేస్ట్ చేశారో, మళ్లీ మొదటికే వస్తుంది.

మీ బంధువుల నడక రికార్డు కూడా పాడై ఉండదు. ఆ యాప్ నుంచి జీపీఎక్స్ ఫైల్ (నడిచిన దారి జీపీఎస్ లెక్కలు ఉండేది) తీసి ఆర్గానిక్ మ్యాప్స్‌లో తెరిస్తే చాలావరకు గీత కట్ట మీదకి వచ్చేస్తుంది.

ప్రశ్న: అక్కడ ఫోన్‌పే, గూగుల్ పే పనిచేస్తాయా? నగదు ఎంత తీసుకెళ్లాలి?

జవాబు: వాటిని నమ్ముకుని వెళ్లొద్దు. చైనా చెల్లింపుల యాప్ అలీపే పెట్టుకోండి, అది పుట్టిన ఊరే హాంగ్‌జౌ. ముందు మీ బ్యాంకు యాప్‌లో వీసా లేదా మాస్టర్‌కార్డ్‌కి అంతర్జాతీయ ఆన్‌లైన్ లావాదేవీలు ఆన్ చేయండి. చాలామందికి కార్డు తిరస్కరణ అయ్యేది ఇది మర్చిపోయే. తర్వాత అలీపేలో పాస్‌పోర్ట్ వివరాలిచ్చి కార్డు జోడించండి. ఈ పనంతా బయల్దేరకముందే ముగించాలి, ఓటీపీ వచ్చేది మీ ఇండియా నంబర్‌కి కాబట్టి. అక్కడ కూడా ఆ సిమ్‌ను రోమింగ్‌లో ఉంచండి. ఒక్కో చెల్లింపు 200 యువాన్లు దాటితే 3 శాతం రుసుము పడుతుంది, విదేశీ కరెన్సీ మార్పిడికి మీ బ్యాంకు వేసే మార్కప్ దానికి అదనం. చెల్లింపు కోడ్ ఎప్పటికప్పుడు మారుతుంది, స్క్రీన్‌షాట్ చూపిస్తే చెల్లదు.

కట్ట మీద నడవడానికి టికెట్ లేదు. పడవకీ లైఫెంగ్ పగోడాకీ ఉంది. చేతిలో కొంచెం నగదు ఉంచుకోవడం మంచిదే. ఒక యువాన్ నోటు వెనక ఉన్న బొమ్మ ఈ చెరువుదే. ఊరంతా ఫోన్‌తోనే చెల్లిస్తుంటే ఆ నోటు తిప్పి చూసేవాళ్లు ఎందరో మరి!

ప్రశ్న: వాట్సాప్ సంగతి? పవర్ బ్యాంక్ తీసుకెళ్లవచ్చా?

జవాబు: ఇండియా సిమ్ రోమింగ్ డేటా మన ఆపరేటర్ మీదుగా తిరిగి వస్తుంది, అందుకే వాట్సాప్ పనిచేస్తుంది. హోటల్ వైఫైలోనూ, స్థానిక సిమ్ మీదా పనిచేయదు.

పవర్ బ్యాంక్ 20,000 ఎంఏహెచ్‌ది అయితే సుమారు 74 వాట్-అవర్లు, 100 లోపే కాబట్టి విమానంలో చేతిసంచిలో సరే. అయితే 2025 జూన్ 28 నుంచి చైనా దేశీయ విమానాల్లో 3సీ ముద్ర (చైనా భద్రతా ధ్రువీకరణ గుర్తు) లేని పవర్ బ్యాంకులను అనుమతించడం లేదు. మన బీఐఎస్ ముద్ర అక్కడ లెక్కలోకి రాదు. షాంఘైలో దిగితే హాంగ్‌జౌకి హైస్పీడ్ రైలే ఎక్కండి, సుమారు గంట ప్రయాణం, ఈ గొడవ ఉండదు. లేదంటే పవర్ బ్యాంక్ ఇంట్లోనే వదిలేసి, అక్కడ దుకాణాల్లో అలీపేతో స్కాన్ చేసి అద్దెకు తీసుకోవచ్చు.