టెక్ సందేహాలు: మూసిన ఫైలు పోయింది, పాస్‌వర్డ్ పోలేదు

పర్లాకిమిడి నుంచి ఒక పాఠకుడు రాశారు: "సార్, ఎస్ఎస్‌హెచ్‌తో (దూరంలోని కంప్యూటర్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) కాలేజీ సర్వర్‌లో పని చేస్తుంటాను. లెస్‌లో లాగ్ ఫైలు చూసి బయటికొస్తే చదివిందంతా మాయమవుతోంది. విమ్‌లో ఉండగా కరెంటు పోతే మాత్రం ఆ తెర అలాగే ఉండిపోయి, ఆపైన ఏం కొట్టినా దాని మీదే గజిబిజిగా పడుతోంది. ఫొటో పంపుతున్నాను, చూడండి."

గుణుపురం నుంచి, రాయగడ నుంచి కూడా ఇదే ప్రశ్న వచ్చింది. కరెంటు కష్టం అందరిదీ ఒకటే కదా.

టెర్మినల్‌కు, అంటే కమాండ్లు కొట్టే కిటికీకి, తెరలు రెండు. ఫైళ్లు దిద్దే విమ్, పేజీలుగా చదివించే లెస్ లాంటివి మొదలవగానే టెర్మినల్‌కు ఎస్కేప్ కోడ్ (తెర మీద కనపడని ఆజ్ఞ) ఒకటి పంపుతాయి. ఎక్స్‌టర్మ్ అనే టెర్మినల్ పద్ధతిలో దాని నంబరు 1049, చివర హెచ్. దాంతో ఖాళీగా ఉన్న రెండో తెర ముందుకొస్తుంది, మీ పాత తెర వెనక భద్రంగా ఉంటుంది. బయటికొచ్చేటప్పుడు అదే నంబరు ఎల్‌తో వెళ్తే పాత తెర తిరిగొస్తుంది. కరెంటు పోతే మీ ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంది గానీ, మోడెమ్ ఆగిపోతుంది. ఇక సర్వర్‌లో ఉన్న విమ్ ఆ రెండో కోడ్‌ను మీదాకా పంపేదెలా? అందుకే ఇరుక్కుపోతారు. ఎస్ఎస్‌హెచ్ తెగిపోయాక, అక్షరాలు కనపడకపోయినా రీసెట్ అని కొట్టి ఎంటర్ నొక్కండి, సర్దుకుంటుంది. లెస్‌లో చదివింది తెర మీదే మిగలాలంటే క్యాపిటల్ ఎక్స్ ఆప్షన్‌తో తెరవండి.

ఇక ఆ ఫొటో సంగతి. లెస్ నుంచి బయటికొచ్చాక తీసిన ఫొటో అది. వెనక్కి వచ్చిన పాత తెరలో, పైనుంచి మూడో లైనులో డేటాబేస్ పాస్‌వర్డ్ చక్కగా చదవొచ్చు. అంతకుముందెప్పుడో కాన్ఫిగ్ (సెట్టింగుల) ఫైలును క్యాట్‌తో, అంటే ఫైలంతా తెర మీద కుమ్మరించే కమాండ్‌తో, చూసినట్టున్నారు. నాకు టెన్షన్ పుట్టించింది ఇదే. తెర మారగానే అంతా చెరిగిపోయిందని చాలామంది నమ్ముతారు. చెరిగేది రెండో తెరలో చదివింది మాత్రమే. క్యాట్ చూపించింది మొదటి తెరలో ఉంటుంది, పైకి జరిపితే ఎవరికైనా దొరుకుతుంది. తెర ఖాళీ చేసే కంట్రోల్ ఎల్ కొట్టినా పైకి వెళ్లిపోయిన లైన్లు చెరగవు. సెషన్‌ను బతికించి ఉంచే టీమక్స్ ప్రోగ్రామ్ వాడితే అది తన దగ్గర విడిగా, మామూలుగా 2000 లైన్లు దాచుకుంటుంది. మీరు కిటికీ మూసేసినా సెషన్ బతికే ఉంటుంది. మీ లాగిన్ చేతికొచ్చినవాడు ఆ సెషన్‌లోకి మళ్లీ చేరే అటాచ్ కమాండ్ కొడితే మొత్తం చదువుతాడు. నలుగురూ ఒకే లాగిన్ వాడే ల్యాబ్‌లో ఇది ఎంత ప్రమాదమో ఆలోచించండి.

మళ్లీ తెరవగానే నిన్నటి తెరను చూపించే టెర్మినల్ యాప్‌లంటే నాకు అసలు పడదు. అలా చూపించాలంటే దాన్ని డిస్క్ మీద రాసి పెట్టుకోవాలి. సౌకర్యమే, కాదనను. కానీ మనల్ని అడక్కుండా రాసుకోవడం ఏం పద్ధతి? ఆ సెట్టింగ్ ఎక్కడుందో వెతికి ఆపేయండి. రహస్యాలున్న ఫైలును క్యాట్‌తో చూడకండి, లెస్‌లో చూడండి. అక్కడ మాత్రం క్యాపిటల్ ఎక్స్ వాడొద్దు. డేటాబేస్ ప్రోగ్రామ్ మైఎస్‌క్యూఎల్‌కు పాస్‌వర్డ్‌ను కమాండ్‌లోనే రాయకండి. ఉత్త పి ఆప్షన్ ఇస్తే అదే అడుగుతుంది, కొట్టింది తెర మీద పడదు.

మీ ఫొటో నా దగ్గర తీసేశాను. ఇంకెవరికైనా పంపి ఉంటే వాళ్లనూ తీసేయమనండి. అంతకంటే ముందు, ఈ రోజే ఆ పాస్‌వర్డ్ మార్చేయండి.