తాడోబా వానాకాలం సఫారీకి గమ్‌బూట్లు వద్దు ఆంటీ

ఆగస్టులో మహారాష్ట్రలోని తాడోబా పులుల అడవికి వెళ్తున్నా, మోకాళ్ల నొప్పి, గమ్‌బూట్లు కొనాలా అనడిగారు కదా ఆంటీ, వద్దు. మాది ఆ దగ్గర్లోని బల్లార్షా, మా అమ్మని రెండుసార్లు తీసుకెళ్లాను. జూలై నుంచి సెప్టెంబర్ దాకా కోర్, అంటే అడవి లోపలి భాగం, మూసేస్తారు, దాని చుట్టూ ఉండే బఫరే తెరిచి ఉంటుంది, సఫారీ మధ్యలో జిప్సీ (ఓపెన్ జీపు) దిగనివ్వరు కాబట్టి నడక తక్కువే, అసలు కష్టం జిప్సీ ఎక్కడంలోనే, మెట్టు ఎత్తు, పైగా గేటు దగ్గర నల్లరేగడి బురద అట్టలు అట్టలుగా అంటుకుంటుంది. గమ్‌బూటు బరువు, లోపలికి నీళ్లు పోతే ఇక అంతే. వెనక పట్టీ ఉన్న వెల్‌క్రో శాండిల్, కింద లోతు గాడులున్న రబ్బరు సోల్ చూసి తీసుకోండి, సాయంత్రం పాదాలు కాస్త వాచాక వేసి చూస్తే సైజు కరెక్ట్‌గా తెలుస్తుంది. హవాయి చెప్పులు మాత్రం రూంలోనే!