ఇన్స్‌బ్రుక్‌లో ఒక రోజు: అమ్మాయికి పెదనాన్న ఉత్తరం

చి.సౌ. అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

మీ అత్తగారిని, పిల్లలిద్దరినీ వెంటబెట్టుకుని మ్యూనిక్ నుంచి ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌కు ఒక్క రోజు వెళ్లిరావాలనుకుంటున్నామని రాశావు. మేము మీ అన్నయ్య దగ్గర ఉన్నప్పుడు ఆ ఊరు రెండుసార్లు చూశాము. మొదటిసారి మేము చేసిన పొరపాటు నువ్వు చేయకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

పొద్దున్నే రైలు దిగగానే ముందు కొండ ఎక్కండి, ఊరు తరువాత చూడవచ్చు. మేము ఊరంతా తిరిగి మధ్యాహ్నం మూడింటికి నోర్డ్‌కెట్టె కొండపైకి వెళ్లేసరికి మబ్బు కమ్ముకుంది. మంచు శిఖరాలు చూడాలని ఎన్నాళ్లుగానో ఆశపడిన మీ పెద్దమ్మకు ఎదురుగా ఉన్న కంచె తప్ప ఏమీ కనిపించలేదు. ఆమె మాట్లాడకుండా శాలువా సర్దుకుని వెనక్కి తిరిగిన తీరు నాకిప్పటికీ బాధగానే ఉంటుంది.

ఊరి నడిబొడ్డునే వాస్తుశిల్పి జాహా హదీద్ రూపొందించిన స్టేషన్లో కొండరైలు ఎక్కితే, హుంగర్‌బుర్గ్ దగ్గర దిగి, అక్కడి నుంచి కేబుల్ కారులో 1905 మీటర్ల ఎత్తునున్న జేగ్రూబె చేరతారు. ఊరు 574 మీటర్ల ఎత్తున ఉంది కనుక, అంత కొద్దిసేపట్లో అంత ఎత్తుకు పోవడం వల్ల పిల్లలకు చెవులు మూసుకుపోయినట్లు ఉంటుంది. మింగడానికి ఏదైనా ఇస్తూ ఉండు. ఆ పైన హాఫెలెకార్ శిఖరం దాకా మరో కేబుల్ కారు ఉన్నది గాని, మీ అత్తగారికి ఆయాసం ఉన్నది కదా, ఆమెను జేగ్రూబెలోనే కూర్చోబెట్టి మీరు వంతులవారీగా వెళ్లిరండి. ఎండాకాలమైనా స్వెట్టర్లు మరువకండి.

దిగివచ్చాక పాత ఊరిలో అన్నీ చూడాలనుకోవద్దు. అక్కడి ప్రసిద్ధమైన ‘బంగారు పైకప్పు’ అనగానే పిల్లలు పెద్ద గోపురాన్ని ఊహించుకుంటారు. అది 1500 నాటికి మాక్సిమిలియన్ చక్రవర్తి కోసం కట్టిన ఒక చిన్న వసారా మీది కప్పు మాత్రమేనని, దాని మీద బంగారు పూత పూసిన 2,657 రాగి పెంకులున్నాయని ముందే చెప్పు. అప్పుడు నిరాశపడకుండా లెక్కపెట్టడానికి పోటీపడతారు.

ఎక్కువసేపు కేటాయించవలసినది హోఫ్‌కిర్షె చర్చికి. మాక్సిమిలియన్ సమాధి చుట్టూ మనిషి కంటే ఎత్తైన 28 కంచు విగ్రహాలు, రాజులు, రాణులు, పూర్వీకులు, అంతిమయాత్రలో నడుస్తున్నట్లు నిలబడి ఉంటారు. దగ్గరకు వెళ్లి వాళ్ల చేతులు చూడు: కొందరి పిడికిళ్లు కొవ్వొత్తి పట్టుకోవడానికి వీలుగా బోలుగా ఉంటాయి. ఇంతా చేసి ఆ సమాధి ఖాళీ. 1519లో చనిపోయిన చక్రవర్తిని వీనర్ నోయ్‌స్టాట్‌లో ఖననం చేశారు. ఈ చర్చిని ఆయన మనవడు ఫెర్డినాండ్ ఆ తరువాత కట్టించాడు. మీ పెద్దవాడికి ఈ సంగతి లోపలికి వెళ్లేముందు కాక, విగ్రహాలన్నీ చూశాక చెప్పు.

భోజనం సంగతి. మీ అత్తగారు గుడ్డు ముట్టరు. అక్కడ శాకాహారమని ఇచ్చే పాలకూర ఉండలలోను, చీజ్ వేసిన ష్పెట్స్‌లె అనే నూడుల్స్ వంటి వంటకంలోను గుడ్డు కలుస్తుంది. అందుచేత పులిహోర, పెరుగన్నం కట్టుకుని వెళ్లడమే మేలు. నీళ్లు కొనవద్దు, కొళాయి నీళ్లు నిక్షేపంగా తాగవచ్చు. ఆదివారం దుకాణాలు చాలావరకు మూసి ఉంటాయి కాబట్టి వేరే రోజు చూసుకోండి. సరిహద్దు దాటుతారు గనుక అందరి పాసుపోర్టులూ చేతిసంచిలోనే ఉండాలి.

సాయంత్రం మరియా తెరేసియా వీధి వెంట నెమ్మదిగా దక్షిణానికి నడిస్తే 1765 నాటి విజయతోరణం వస్తుంది. మీకు ముందు కనిపించే ఉత్తరపు వైపు రాణి మరియా తెరేసియా భర్త మరణ దుఃఖం చెక్కి ఉంటుంది. తోరణం దాటి వెనుదిరిగి చూస్తే అదే రాయి మీద కొడుకు పెళ్లి సంబరం ఉంటుంది. పెళ్లి వేడుకల నడుమనే భర్త పోయాడు. అక్కడ మీ అత్తగారిని కాసేపు కూర్చోనివ్వు. స్టేషన్ దగ్గరే, రైలుకు తొందరపడవలసిన పని లేదు.

అల్లుడిగారికి, మీ అత్తగారికి నా నమస్కారములు. పిల్లలకు ముద్దులు.

పెదనాన్న