పే స్లిప్పులో ఆ 75 రూపాయలు

ప్రశ్న: పటాన్‌చెరులో ఒక మందుల ప్యాకింగ్ యూనిట్‌లో నాలుగేళ్లుగా పని చేస్తున్నాను. జీతం 16,000. ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ ఆరోగ్య బీమా) కింద నెలకు 75 రూపాయలు కోస్తారు. పోయిన వానాకాలం టైఫాయిడ్ వచ్చి సెలవు పెడితే ఈఎస్ఐ నుంచి చాలా తక్కువ వచ్చింది. ఇప్పుడు నాకు ఆరో నెల. ప్రసూతి సెలవు అడిగితే, ‘డబ్బు ఈఎస్ఐ వాళ్లిస్తారు, మాకేం సంబంధం? రాజీనామా ఇచ్చి, కాన్పయ్యాక మళ్లీ చేరు’ అంటున్నారు మేనేజరు గారు. ఏం చేయాలి?
– ఒక సోదరి, సంగారెడ్డి జిల్లా

జవాబు: ముందు ఆ రాజీనామా మీద సంతకం పెట్టకండమ్మా. ప్రసూతి సెలవులో ఉన్న మనిషిని తీసేయడానికి చట్టం ఒప్పుకోదు. అందుకే మీ అంతట మీరే పోయేలా ఈ తీపి కబుర్లు.

ఇక ఆ 75 రూపాయల సంగతి. ఉద్యోగి వాటా జీతంలో 0.75 శాతం. మీ 16,000కు 120 కోయాలి. 75 కోశారంటే మీ జీతం 10,000 అని రాసి పంపుతున్నారన్నమాట. జబ్బు సెలవుకు ఈఎస్ఐ ఇచ్చేది సగటు వేతనంలో 70 శాతం. అది పదివేల మీద లెక్కకట్టారు కాబట్టే మీకు తక్కువ వచ్చింది. ప్రసూతికి నూరు శాతం ఇస్తారు, మొదటి ఇద్దరు పిల్లల వరకు 26 వారాలు. లెక్క ఇలాగే ఉంటే మీరు దాదాపు 36 వేలు పోగొట్టుకుంటారు. దీనివల్ల యజమానికి మిగిలేది ఎంతో తెలుసా? లెక్కలో చూపని ఆ ఆరు వేల మీద ఆయన వాటా 3.25 శాతం చొప్పున నెలకు 195 రూపాయలు! ఇంత చిల్లర బుద్ధి ఉన్నవారికి ‘మాకేం సంబంధం’ అనే నోరెలా వచ్చిందో.

మిగతా ఆరు వేలూ అలవెన్సులని వాదిస్తారేమో. 2025 నవంబరు దాకా ఉన్న ఈఎస్ఐ చట్టంలో ఇంటి అద్దె భత్యం కూడా జీతం లెక్కలోకే వచ్చేది.

మీ బీమా నంబరుతో ఈఎస్ఐ పోర్టల్‌లో నెలనెలా ఎంత జీతం చూపారో చూడండి. ఆ పేజీ, పే స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంటు జతచేసి ఈఎస్ఐ ప్రాంతీయ కార్యాలయంలో ఫిర్యాదు ఇవ్వండి. యజమాని సరిగా చందా కట్టనందువల్ల మీకు తగ్గితే, ఈఎస్ఐ కార్పొరేషనే మీకు పూర్తి రేటు చెల్లించి ఆయన దగ్గర వసూలు చేసుకునే వీలు చట్టంలో ఉంది. కాన్పు దాకా ఆగకుండా ఈ వారమే వెళ్లండి. ఫిర్యాదు నకలు మీద ముద్ర వేయించుకోనిదే అక్కడి నుంచి కదలకండి.