ఏది పడదో తేల్చుకోవాలంటే

అమ్మలూ,

పాలు, గోధుమ, పప్పులు, తీపి అన్నీ ఒకేసారి మానేశానని, కడుపు తేలికపడిందని రాశావు. సంతోషమే. కానీ నాలుగింట్లో దేనివల్ల తేలికపడిందో ఇప్పుడు నీకెలా తెలుస్తుంది? తెలియదు కాబట్టి నాలుగూ తినడానికి భయపడతావు. అలా భయంతో తినే తిండిలో ముందు తగ్గేది ప్రొటీన్, కాల్షియం. అందుకని మళ్లీ మామూలుగా తినడం మొదలుపెట్టు.

మొదటి రెండు వారాలు ఏమీ మార్చకు, రాసుకో అంతే. ఏం తిన్నావు, ఎంత తిన్నావు, ఎన్నింటికి తిన్నావు. "కడుపు బాలేదు" అని రాస్తే ఎందుకూ పనికిరాదు. "మధ్యాహ్నం 3:30, బొడ్డు కింద ఉబ్బరం, పదికి ఆరు" అన్నట్టు ఉండాలి. నిద్ర, విరేచనం, నెలసరి తేదీలు కూడా వెయ్యి. నెలసరి ముందు వచ్చే ఉబ్బరాన్ని తిండి మీదకు నెట్టేసేవాళ్లు చాలామంది.

ఉబ్బరం రాగానే అందరం ఆఖరున తిన్నదాన్ని అనుమానిస్తాం. చాలాసార్లు అది తప్పు. పాలలోని లాక్టోజ్ అనే చక్కెర పడకపోతే సాధారణంగా అరగంట నుంచి రెండు గంటల్లో తెలుస్తుంది. ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, పప్పుల్లో ఉండే కొన్ని పిండిపదార్థాలు మాత్రం చిన్నపేగులో అరగవు, పెద్దపేగుకు చేరాక అక్కడి బ్యాక్టీరియా వాటిని పులియబెడుతుంది. ఆ గ్యాస్ చాలా గంటల తర్వాత, ఒక్కోసారి మర్నాడు ఇబ్బంది పెడుతుంది. కాబట్టి పుస్తకంలో వెనక్కి 24 గంటలు చూడు.

అనుమానం ఉన్నవాటిలో ఒక్కటే రెండు నుంచి నాలుగు వారాలు మాను. తేడా కనపడకపోతే దాని తప్పేం లేదు, తిను. తగ్గితే అసలు పరీక్ష అప్పుడు మొదలవుతుంది. పాలే అనుకో. మొదటిరోజు పావు కప్పు, రెండోరోజు అరకప్పు, మూడోరోజు కప్పు. మిగతా తిండి ఏమీ మారకూడదు, కొత్త హోటలు, పెళ్లి భోజనం లేని రోజులు చూసుకో. బాధ మొదలైతే అక్కడ ఆపు, పూర్తిగా తగ్గాక మరో మూడు రోజులు ఆగి, ఇంకోదాన్ని పరీక్షించు. ఈ భాగాన్నే అందరూ ఎగ్గొడతారు. లాక్టోజ్ సరిగా అరగనివాళ్లలో కూడా చాలామందికి ఒక కప్పు పాలు, అంటే సుమారు 12 గ్రాముల లాక్టోజ్, భోజనంతో పాటు తీసుకుంటే పడుతుంది. పెరుగు ఇంకా తేలిక. నీకు కావలసింది "పడదు" అనే మాట కాదు, ఎంతవరకు పడుతుందనే లెక్క.

ఉల్లి దగ్గర ఒక కిటుకు ఉంది. దానిలో ఇబ్బంది పెట్టే పదార్థం నీళ్లలో కరుగుతుంది, నూనెలో కరగదు. ముక్కల్ని నూనెలో వేయించి తీసేస్తే వాసన మిగులుతుంది, గ్యాస్ రాదు. పులుసులో ఉడికించి ముక్కలు ఏరేస్తే ఉపయోగం లేదు, ఆ పదార్థం అప్పటికే పులుసులోకి దిగిపోయి ఉంటుంది.

గోధుమ మానే ముందు మాత్రం సీలియాక్ (గోధుమలోని గ్లూటెన్ వల్ల చిన్నపేగు దెబ్బతినే జబ్బు) రక్తపరీక్ష చేయించుకో. ఆ పరీక్ష గోధుమ తింటున్నప్పుడే చేయాలి, మానేశాక చేస్తే జబ్బు ఉన్నా లేదని రావచ్చు. రక్తంలో ఐజీజీ అనే యాంటీబాడీలను కొలిచి వంద పదార్థాల పట్టిక ఇచ్చే పరీక్షలకు డబ్బు తగలెయ్యకు. నువ్వు ఏం తిన్నావో తప్ప ఏది పడదో అవి చెప్పవు.

పీచు పెంచాలనుకుంటే రోజూ తినే పీచును వారానికి 5 గ్రాముల చొప్పున పెంచు, నీళ్లు కూడా తాగు. ఒక్కసారిగా పెంచి ఉబ్బరం వస్తే కూరగాయల్ని తిట్టుకోవడం సరికాదు. గుండెల్లో మంట అయితే పదార్థం కంటే ముందు వేళ చూడు, పడుకునే సమయానికి భోజనం చేసి మూడు గంటలైనా అయి ఉండాలి.

తిన్న వెంటనే దద్దుర్లు, పెదవుల వాపు, ఊపిరి అందకపోవడం వస్తే ఆ పదార్థాన్ని ఇంట్లో పరీక్షించొద్దు, అది అలర్జీ. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రాత్రి నిద్రలేపే విరేచనాలు ఉంటే ఈ ఉత్తరం పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్లు.

పడదని తేలినదాన్ని కూడా ఆర్నెల్లకోసారి కొద్దిగా తిని చూడు. ముఖ్యంగా పేగుల ఇన్‌ఫెక్షన్ తర్వాత పాలు పడకపోవడం చాలామందిలో కొన్నాళ్లే ఉంటుంది.

పెద్దమ్మ