సర్వేయర్ వృత్తిలో చివరిదాకా నిలబడాలంటే

ప్రశ్న: నాకు నలభై రెండేళ్లు. సొంతంగా భూముల సర్వే చేస్తున్నాను. నిర్మాణాలు జోరుగా ఉంటే తీరిక ఉండదు, మందగిస్తే నెలల తరబడి పని ఉండదు. అప్పు చేసి, ఉపగ్రహ సంకేతాలతో స్థానాన్ని కొలిచే శాటిలైట్ రిసీవర్ కొనవచ్చా? అరవై దాటేదాకా ఈ వృత్తి నన్ను పోషిస్తుందా?

జవాబు: పోషిస్తుంది. అయితే ఇప్పటిలాగే రోజంతా ఎండలో ట్రైపాడ్ మోస్తూ అరవై దాకా సంపాదించగలనన్న లెక్కతో ప్రణాళిక వేసుకోకండి.

ముందుగా రిసీవర్ సంగతి. ఆకాశం తెరిపిగా ఉన్న చోట ఆర్‌టీకే పద్ధతిలో (తెలిసిన బిందువు నుంచి వచ్చే సవరణలతో స్థానాన్ని అప్పటికప్పుడే లెక్కించే పద్ధతి) ఒక్కరే తిరుగుతూ ఒకటి రెండు సెంటీమీటర్ల తేడాతో బిందువులను గుర్తించవచ్చు. దట్టమైన చెట్ల కింద, ఎత్తయిన భవనాల మధ్య మాత్రం కోణాలనూ దూరాలనూ కొలిచే టోటల్ స్టేషనే దిక్కు. కాబట్టి నిరుడు చేసిన పనుల జాబితా తీసి, రిసీవర్ ఉంటే ఎన్ని రోజులు మిగిలేవో, ఆ రోజులకు వేరే పని దొరికేదో లేదో నిజాయితీగా చూసుకోండి, ఎందుకంటే పని దొరకని రోజు మిగిలినా ఆదాయం పెరగదు. పని తగ్గిన ఏడాదిలోనూ వాయిదా కట్టగలిగితేనే కొనండి, లేదంటే అద్దెకు తెచ్చుకోండి. కొన్నాక ప్రతి బిల్లులోనూ కొంత భాగాన్ని తదుపరి పరికరం కోసం వేరే ఖాతాలో వేయండి; 1620 ప్రాంతంలో ఇంగ్లిష్ గణిత శాస్త్రజ్ఞుడు గంటర్ రూపొందించిన 66 అడుగుల కొలత గొలుసు సాగితే సరిచేసుకుని వాడుకునేవారు, నేటి పరికరాలు మాత్రం చెడిపోకముందే పాతబడిపోతాయి.

నిర్మాణరంగం మందగించినప్పుడు కొత్త పనులు ఆగడంతో పాటు పాత బకాయిలు కూడా ఆగిపోతాయి. అందుకే మీకు ఏడాది ఇంటి ఖర్చుకు సరిపడా నిల్వ అవసరమని నా అభిప్రాయం. మంచి రోజుల్లో వచ్చినదంతా ఇంటికి తీసుకెళ్లకుండా నెలకింత అని జీతంలా తీసుకోండి. పని మొదలుపెట్టే ముందే అడ్వాన్సు అడగండి, మిగతా సొమ్ము అందాకే సంతకం చేసిన ప్లాన్ ఇవ్వండి. హద్దు తగాదాలు, వాటాల పంపకాలు నిర్మాణాల జోరును బట్టి నడవవు కనుక ఆ పనులను చిన్నవని వదులుకోకండి.

చాలామంది పట్టించుకోని విషయం మరొకటి ఉంది. ఈరోజు పాతిన హద్దురాయి ఒక అడుగు పక్కకు పడితే, పొరుగువారు గోడ కట్టిన రోజున, అంటే ఎన్నో ఏళ్ల తర్వాత బయటపడవచ్చు. పనిలో జరిగిన పొరపాటుకు పరిహారం చెల్లించే వృత్తిపరమైన బాధ్యత బీమా సాధారణంగా క్లెయిమ్ వచ్చిన నాటికి అమల్లో ఉంటేనే పనిచేస్తుంది; కాబట్టి వృత్తి మానేశాక కూడా కొన్నేళ్లు దాన్ని కొనసాగించే ఖర్చును రిటైర్మెంట్ లెక్కలో ఇప్పుడే చేర్చండి. మోకాళ్లు, నడుము బాగున్న ఈ వయసులోనే ఆదాయ రక్షణ బీమా కూడా తీసుకోండి.

మీ ఫీల్డ్ పుస్తకాలనూ, కంట్రోల్ పాయింట్ల (కొలతలకు ఆధారమైన స్థిర బిందువుల) వివరాలనూ స్థలాలవారీగా సూచిక వేసి భద్రపరచండి. పక్క స్థలం కొలిచే పని వచ్చినప్పుడు అవే మీకు సగం శ్రమ తగ్గిస్తాయి, వృత్తి మానే నాడు మరో సర్వేయర్ డబ్బిచ్చి తీసుకోదగ్గ ఆస్తి కూడా అవే. యాభై వచ్చేలోగా క్షేత్రంలో తిరగగల ఒక యువకుడికో యువతికో శిక్షణనిచ్చి, పాత దస్తావేజులను కొలతలతో సరిచూసి నిర్ణయం చెప్పే పనిని మీ వద్ద ఉంచుకోండి. అలా పెట్టుకున్న వారి జీతం భరించగలరో లేదో తెలియాలంటే, వచ్చే ఆరు నెలలు అంత మొత్తాన్ని నెలనెలా పక్కన పెట్టి చూడండి.